అమెరికా సంగీత చరిత్ర కోర్సులో మూల్యాంకనం: సూర్యాపేట ప్రాంతపు పోరాటపాట వైపు నుండి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక కోర్సు విద్యార్థి నుండి ఏమి ఆశిస్తుంది, దేనికి మార్కులు వేస్తుంది అన్నదాన్ని బట్టే ఆ శాస్త్రంలో ఏది చరిత్రగా నిలుస్తుందో, ఏది జారిపోతుందో తేలుతుంది. అమెరికా కళాశాలల్లో ఆ దేశపు సంగీత చరిత్ర బోధనాంశంగా ఎదిగిన క్రమాన్ని, అందులో శ్రవణ పరీక్షకు దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాట మన విశ్వవిద్యాలయాల్లోకి సాహిత్య శాఖ ద్వారా ప్రవేశించడం వల్ల దాని బాణీ మూల్యాంకనానికి అందకుండా పోయిన తీరును చర్చిస్తుంది.

కీలకపదాలు: సంగీత చరిత్ర, మూల్యాంకనం, శ్రవణ పరీక్ష, పోరాటపాట, గొల్లసుద్దులు, నల్లగొండ, బాణీ.

1. ఉపోద్ఘాతం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ ఉన్న గరిడేపల్లి మండలం 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో భాగం. నిజాం కాలంలో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు 1946–51 నాటి రైతాంగ సాయుధ పోరాటానికి ముఖ్యక్షేత్రాలు. ఆ పోరాటాన్ని పాట నడిపించిందని చరిత్రకారులు, సాహిత్య విమర్శకులు, పోరాటంలో పాల్గొన్నవారు ఒక్క మాటగా చెబుతారు. అంతటి పాట ఈ ప్రాంతపు డిగ్రీ విద్యార్థికి ఎక్కువగా ఎక్కడ ఎదురవుతుంది? తెలుగు పాఠ్యపుస్తకంలో. ఎలా ఎదురవుతుంది? చదవవలసిన పద్యంలాగా. పరీక్షలో అడిగేది కవి పరిచయం, వస్తువు, సామాజిక నేపథ్యం. ఆ పాట ఏ బాణీలో నడుస్తుంది, వంత ఎక్కడ అందుకుంటుంది, ఎన్ని గొంతులు కావాలి అన్న ప్రశ్నకు అక్కడ తావులేదు. సంగీత కళాశాలల చరిత్ర పత్రంలోనేమో వాగ్గేయకారులు, లక్షణ గ్రంథాలు, రాగ వర్గీకరణ ప్రధానం కావడంతో ఈ పాటకు చోటు దొరకడం కష్టం.

ఈ లోటుకు ఎవరి నిర్లక్ష్యమో కారణమని తేల్చడం సులువు. అయితే అసలు కారణం పరీక్ష స్వరూపంలోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దాన్ని చూపడానికి ఇదే చిక్కును దాదాపు ఇదే వరుసలో ఎదుర్కొన్న అమెరికా సంగీత చరిత్ర బోధనను పోలికకు తీసుకుంటున్నాను.

2. అమెరికా సంగీతం ‘చరిత్ర’ అయిన తీరు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1875లో జాన్ నోల్స్ పేన్ సంగీతాచార్యుడయ్యాడు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇటువంటి పదవికి అదే ఆరంభంగా చెబుతారు. అప్పుడు బోధించిన సంగీత చరిత్ర యూరప్ చరిత్రే. అమెరికాకు సొంత సంగీతం ఉందా అన్నదే అప్పటి సందేహం. 1883లో ఫ్రెడరిక్ లూయీ రిట్టర్ రాసిన ‘మ్యూజిక్ ఇన్ అమెరికా’ కూడా యూరప్ సంగీతం ఆ గడ్డపై ఎలా వేళ్లూనుకుందో చెప్పిన గ్రంథమే.

విశేషమేమిటంటే, జానపద గీతం హార్వర్డ్‌లోకి సంగీత శాఖ ద్వారా రాలేదు. ఆంగ్ల శాఖ ద్వారా వచ్చింది. ఆంగ్లాచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుండి 1898 వరకు వెలువరించిన సంపుటాల్లో 305 ఇంగ్లీషు, స్కాట్లండు కథాగేయాలను పాఠాంతరాలతో సహా సంస్కరించాడు. పాఠ పరిష్కరణలో అది గొప్ప కృషి. కాని ఆయన దృష్టి మాట మీదే ఉంది. ఆ గేయాల బాణీలను బెర్ట్రాండ్ బ్రాన్సన్ నాలుగు సంపుటాలుగా ప్రచురించినది 1959–72 మధ్య. మాటకూ బాణీకీ నడుమ మూడు తరాల ఎడం ఏర్పడింది. ఆ ఎడంలో ఎన్ని బాణీలు గాయకులతోపాటే వెళ్లిపోయాయో లెక్కకట్టే మార్గం లేదు.

నల్లజాతి పాటల విషయంలో కథ కొంత భిన్నం. 1867లో అచ్చయిన ‘స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’లో 136 పాటలు స్వరలిపితోనే ఉన్నాయి. ఆ గొంతుల్లోని సూక్ష్మమైన ఒరవడి కాగితం మీదికి రాదని సంపాదకులు పీఠికలోనే ఒప్పుకున్నారు. 1903లో డబ్ల్యు.ఇ.బి. డుబాయ్ ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’లో మరో పని చేశాడు. ప్రతి అధ్యాయం తలమీద ఒక నల్లజాతి దుఃఖగీతం నుండి కొన్ని స్వరాలను ముద్రించాడు. మాటలు మాత్రం ఇవ్వలేదు. స్వరలిపి తెలియని పాఠకుడికి ఆ గీతలు మూగవి, తెలిసినవాడికి ఒక జాతి చరిత్ర. చైల్డ్ బాణీని విడిచి మాటను నిలిపితే డుబాయ్ మాటను విడిచి బాణీని నిలిపాడు.

1928లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో జానపద గీతాల భాండారం ఏర్పడింది. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు ఆలన్ కారులో రికార్డింగు యంత్రాన్ని వేసుకుని దక్షిణాది జైళ్లు తిరిగారు. లూసియానాలోని అంగోలా జైలులో హడీ లెడ్‌బెటర్ అనే ఖైదీ పాటలు నమోదు చేశారు; లెడ్‌బెల్లీగా ఆయన తరువాత లోకప్రసిద్ధుడయ్యాడు. ఇంత సామగ్రి సమకూరినా కళాశాల పాఠ్యప్రణాళిక వెంటనే కదలలేదు. గిల్బర్ట్ ఛేజ్ ‘అమెరికాస్ మ్యూజిక్’ 1955లో, విలీ హిచ్‌కాక్ గ్రంథం 1969లో, ఐలీన్ సదరన్ ‘ది మ్యూజిక్ ఆఫ్ బ్లాక్ అమెరికన్స్’ 1971లో వచ్చాయి. ఛేజ్ పెద్దమనుషుల అభిరుచిని తప్పుబట్టి జనసంగీతాన్ని చరిత్ర నడుమకు తెచ్చాడు. హిచ్‌కాక్ సంస్కారపూర్వకంగా సాధన చేసే సంగీతాన్ని, దైనందిన జీవితంలో పుట్టే సంగీతాన్ని రెండు పాయలుగా చూపి రెండింటికీ చరిత్రలో సమాన హక్కు కల్పించాడు. సదరన్ గ్రంథంతో నల్లజాతి సంగీతానికి ప్రత్యేక పాఠ్యగ్రంథం సమకూరింది.

3. సూది ఎక్కడ దించినా

గ్రంథాలు ఎంత మారినా పరీక్ష మారకపోతే విద్యార్థి చదువు మారదు. అమెరికా సంగీత చరిత్ర కోర్సుల్లో ఆ మార్పు తెచ్చింది శ్రవణ పరీక్ష. అధ్యాపకుడు గ్రామఫోను రికార్డు మీద ఏదో ఒక చోట సూది దించుతాడు. కొద్దిసేపు వినిపించిన ముక్కను బట్టి విద్యార్థి అది ఏ ప్రక్రియో, ఏ కాలానిదో, ఎవరిదో రాయాలి. అంతకంటె ముఖ్యంగా, అలా అనుకోవడానికి విన్నదానిలో ఉన్న ఆధారమేమిటో చెప్పాలి. పేరు సరిగ్గా రాసినవాడికి కొన్ని మార్కులే. పేరు తప్పినా పిలుపు–బదులు నిర్మాణాన్ని, పన్నెండు కొలతల బ్లూస్ నడకను, వాద్యాల కూర్పును గుర్తించి కారణం చూపినవాడికి మార్కులు దక్కుతాయి. సూదులు పోయి కంప్యూటర్లు వచ్చినా పద్ధతి అదే.

ఈ పరీక్షకు అందరూ వినగలిగే ఉమ్మడి సామగ్రి ఉండాలి. 1973లో మార్టిన్ విలియమ్స్ ఎంపికతో స్మిత్సోనియన్ సంస్థ వెలువరించిన జాజ్ రికార్డుల సంపుటి ఆ అవసరం తీర్చింది. అనేక కళాశాలల్లో అది పాఠ్యపుస్తకంతో సమానంగా నడిచింది. దానిలో చేరినవారు చరిత్రలో చేరారు, చేరనివారి కోసం తరువాతివారు వాదించవలసి వచ్చింది. ఉమ్మడి సామగ్రి వల్ల కలిగే మేలు, కీడు రెండూ ఇందులో ఉన్నాయి.

తక్కిన అంశాలు క్లుప్తంగా చెప్పవచ్చు. సత్రం మొదటిరోజే అధ్యాపకుడు లిఖితపూర్వకంగా ఇచ్చే సిలబస్‌లో హాజరు, శ్రవణ పరీక్షలు, కచేరీ నివేదిక, పరిశోధన పత్రం, చివరి పరీక్ష వీటిలో దేనికెంత భాగమో ఉంటుంది. ఆలస్యమైతే ఎంత కోతో కూడా ఉంటుంది. అది ఒక ఒప్పందపత్రం వంటిది. కచేరీ నివేదికలో విద్యార్థి స్వయంగా ఒక ప్రదర్శనకు వెళ్లి విన్నదాన్ని శాస్త్ర పరిభాషలో వర్ణించాలి. ‘చాలా బాగుంది’ అన్న మాటకు విలువ లేదు. అక్షర గ్రేడ్ల పద్ధతి మౌంట్ హోల్యోక్ కళాశాలలో 1897 నాటికే అమలులో ఉంది. మన విశ్వవిద్యాలయ నిధుల సంఘం సూచించిన ‘ఓ’ నుండి ‘ఎఫ్’ వరకున్న పది పాయింట్ల కొలమానానికి అటువంటి అక్షర గ్రేడ్లే పూర్వరూపం. అక్షరాలు వచ్చాయి గాని, వాటి వెనుకనున్న ఒప్పందపత్రం అదే బలంతో రాలేదు.

4. మన పరీక్ష పుట్టుక

అలా రాకపోవడానికి చారిత్రక కారణం ఉంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. అవి ప్రధానంగా పరీక్షలు పెట్టే సంస్థలు. పాఠం చెప్పేది అనుబంధ కళాశాల. పాఠం చెప్పినవారు ఒకరు, ప్రశ్నపత్రం కూర్చినవారు మరొకరు, దిద్దినవారు ఇంకొకరు. ఎక్కడెక్కడి కళాశాలలకో ఒకే ప్రశ్నపత్రం వెళ్లాలంటే అచ్చులో ఉన్నదే అడగాలి. ఒక ఊరి పాట, ఒక గాయని గొంతు అలాంటి ప్రశ్నపత్రంలో ఇమడవు.

సంగీత విద్య కూడా ఈ చట్రంలోనే ఒదిగింది. విజయనగరంలో 1919లో విజయరామ గజపతి స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వాయులీనాచార్యుడై 1936లో అధ్యక్షుడయ్యాడు. హరికథా పితామహుడిగా పేరొందినవాడు తొలి ప్రిన్సిపాల్ కావడం గమనించదగినది. ఆటా పాటా మాటా కలిసిన ప్రక్రియకు అధిపతి అయిన ఆయన తీర్చిన సంస్థ వారసత్వం క్రమంగా గాత్రం, వీణ, వాయులీనం, మృదంగం అన్న విభాగాలుగా స్థిరపడింది. తరువాత సంగీత కోర్సుల్లో ప్రయోగ పరీక్ష, శాస్త్ర పరీక్ష రెండుగా చీలాయి. ప్రయోగంలో పాడాలి, శాస్త్రంలో రాయాలి. చరిత్ర శాస్త్రం వైపు పడింది. కనుక చరిత్ర పత్రంలో చెవికి పనిలేకుండా పోయింది.

ఈ నమూనా సముద్రం కూడా దాటింది. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ నడిపే ‘సంపద’ సంగీత, నృత్య కోర్సులకు హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం గుర్తింపు ఉంది. అక్కడి తెలుగు పిల్లలు బడిలో ఒక రకం గ్రేడును, సాయంత్రపు సంగీత తరగతిలో మరో రకం పరీక్షను చూస్తారు. ఆ రెండింటి అనుభవమూ ఉన్న తరం మన సంగీత విద్యపై ఏమంటుందో అడిగి నమోదు చేయడం మంచి పరిశోధనాంశం.

5. సాహిత్య శాఖ ద్వారం

చైల్డ్ విషయంలో జరిగినదే తెలుగులోనూ జరిగింది. జానపద గేయం విశ్వవిద్యాలయ గౌరవం పొందినది బిరుదురాజు రామరాజు పరిశోధనతో. ఉస్మానియా తెలుగు శాఖలో జరిగిన ఆ కృషి 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా వెలువడింది. గ్రంథనామంలోనే సాహిత్యం ఉంది. ఆ తరువాత జయధీర్ తిరుమలరావు రైతాంగ పోరాట ప్రజాసాహిత్యాన్ని పరిశోధనాంశం చేశారు. ఈ ఇద్దరి కృషి లేకుంటే మనం చర్చించడానికి ఆ పాటల మాటలైనా మిగిలేవి కావు. వారు నిలిపిన దానికి జతగా బాణీని నిలపవలసిన సంగీత శాఖలు ఆ పని తమది అనుకోలేదన్నదే ఇక్కడి అభియోగం. బాణీని పట్టుకున్నవారిలో ముఖ్యులు విశ్వవిద్యాలయం వెలుపలివారు. వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత జానపద బాణీలను రేడియోకు, వేదికకు తెచ్చారు. అయితే వారి సేకరణకు ఆయువుపట్టు కోస్తా ప్రాంతం.

విచిత్రమేమంటే, అమెరికా పాట కూడా మన దగ్గరికి బాణీ లేకుండానే వచ్చింది. ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం ఏర్పడింది. దాని గ్రంథాలయం దేశం నలుమూలల నుండి ఆంగ్ల అధ్యాపకులను ఆకర్షించింది, అమెరికన్ సాహిత్య పత్రాలకు ఊపునిచ్చింది. లాంగ్‌స్టన్ హ్యూస్ 1926 నాటి ‘ది వియరీ బ్లూస్’ మన ఎం.ఏ. విద్యార్థికి కవితా సంపుటిగా తెలుసు. బ్లూస్ అంటే ఎలా ఉంటుందో వినకుండానే దానిపై వ్యాసరూప సమాధానం రాయవచ్చు, మంచి మార్కులూ పొందవచ్చు. అటు హార్లెం పాటకు, ఇటు నల్లగొండ పాటకు మన పరీక్ష హాలులో ఒకే గతి పట్టింది.

పోరాటపాటలో బాణీ అలంకారం కాదు, అర్థంలో భాగం. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ, వీధిభాగవతం వంటి ప్రక్రియలను ఉద్యమానికి మలిచాడు. గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని సుద్దులు చెప్పేవాడు ఊరికి కొత్తవాడు కాడు. ఆ వేషం, ఆ వరుస ఊరివారికి చిన్ననాటి నుండి పరిచితం. పరిచితమైన వరుసలో దొర పేరు, వెట్టి బాధ వినిపించినప్పుడు వినేవాడు ఆ మాటను అర్జీలా కాక తన ఇంటి సుద్దిలా అందుకుంటాడు. వంతగాళ్లు తిరిగి అందుకునే చోట గుంపు గొంతు కలపడానికి అవకాశం ఉంటుంది. వెట్టి చేసేవాడు దొర గడీ దరిదాపుల్లో గొంతెత్తడమే అప్పటికి ఒక రాజకీయ చర్య. ఇది పాఠంలో కనిపించదు. అచ్చులో వంత పునరుక్తిగా కనిపిస్తుంది. స్థలాభావం వల్ల సంకలనకర్త దాన్ని తొలగించడమూ కద్దు.

పశులకాపరి పిల్లవాడిని ఉద్దేశించి హనుమంతు రాసిన పాట వెట్టిచాకిరీపై కవితగా తరగతిలో చెప్పబడుతుంది. ఆ పాట పాడేవారు పిల్లవాణ్ణి పలకరించే చోట గొంతును ఎలా దించుతారు, వినేవారి మనసు ఎక్కడ కరుగుతుంది అన్నది విని చెప్పవలసిన విషయం. పాఠం చెప్పేటప్పుడు పాడి వినిపించే తెలుగు అధ్యాపకులు ఈ ప్రాంతంలో ఉన్నారు. విద్యార్థులు ఆ పాఠాన్ని ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. వారి శ్రమకు మూల్యాంకన పట్టికలో మాత్రం గడి లేదు.

ఇక్కడ మూలసామగ్రి సమస్య తలెత్తుతుంది. బండి యాదగిరి పేరుతో ప్రచారంలో ఉన్న పాట నేటి విద్యార్థికి తెలిసినది ‘మాభూమి’ చిత్రంలో గద్దర్ గొంతులో. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు నిర్మాణ భాగస్వామ్యంతో ఆ చిత్రం 1979లో రూపొందింది. సాయుధ పోరాటం విరమించి అప్పటికి 28 ఏళ్లు. మధ్యలో నక్సల్బరీ, శ్రీకాకుళం ఉద్యమాలు, వాటి పాటల ఒరవడి ఉన్నాయి. చిత్రంలో వినిపించేది 1940ల నాటి ధ్వని అనుకుంటే అది కాలవ్యత్యయ దోషం. 1979 నాటి గాయకుడు 1940ల పాటను తన కాలానికి ఎలా పలికించాడో చెప్పే సాక్ష్యంగా చూస్తే అది అమూల్యం.

ఈ దోషానికి అమెరికాలో పాఠ్యోదాహరణే ఉంది. ఫిస్క్ విశ్వవిద్యాలయ జూబిలీ గాయకులు 1871లో పర్యటన మొదలుపెట్టి బానిసకాలపు భక్తిగీతాలను ప్రపంచానికి వినిపించారు. వినిపించినది మాత్రం వారి శిక్షకుడు జార్జ్ వైట్ తీర్చిన కచేరీ రూపం. కోర్సు సరిగా చెప్పేచోట ఫిస్క్ రికార్డింగు ఏ కాలానికి సాక్ష్యమని అడుగుతారు. ‘బానిసత్వ కాలానికి’ అని ఊరుకున్న జవాబుకు పూర్తి మార్కులు రావు.

కర్తృత్వం సంగతి మరీ చిక్కు. ‘రచయిత ఎవరు?’ అన్నది మన ఏకవాక్య ప్రశ్న. జనం నోట పెరిగిన పాటకు ఆ ప్రశ్న సరిపోదు. ఒకచోట ఊరి దొరను, మరోచోట నైజాం సర్కారును ఎదుట నిలబెట్టి పాడుకోగల పాటకు ఒక మూలరచయిత ఉండవచ్చు. ఆపై ప్రతి చరణానికి మరో గొంతు కూడా ఉంటుంది. అమెరికా పౌరహక్కుల ఉద్యమగీతంగా పేరొందిన ‘వి షల్ ఓవర్‌కమ్’ కాపీహక్కు వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్లి 2018లో ప్రజాధనంగా తేలింది. ఎవరిదో చెప్పలేని పాట చరిత్రలో తక్కువది కాదని ఆ వివాదంతో పదిమందికీ తెలిసింది.

6. గరిడేపల్లి విద్యార్థి జవాబుకు గ్రేడు ఎలా?

అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్లు దిగుమతి చేసుకోవడం కుదరదు. అక్కడ పాఠం చెప్పినవారే గ్రేడు వేస్తారు. మన గ్రామీణ కళాశాలలో కులం, ఊరు, పరిచయం అధ్యాపకుడికి తెలిసిపోయే పరిస్థితుల్లో పేరు లేని జవాబుపత్రం పేద విద్యార్థికి ఒక రక్షణ. బాహ్య పరీక్షను వలసపాలన అవశేషమని కొట్టిపారేసేవారు ఈ సంగతి మరువరాదు. అంతర్గత మార్కులు అందరికీ ఇంచుమించు ఒకేలా పడే అలవాటు కూడా ఉంది. దానివల్ల వివక్ష తగ్గుతుంది, శ్రమకు గుర్తింపూ తగ్గుతుంది.

కనుక మధ్యేమార్గం ఆలోచించాలి. నూరు మార్కుల పత్రంలో 30 శ్రవణ పరీక్షకు, 30 క్షేత్ర నివేదికకు, 40 బాహ్య వ్రాతపరీక్షకు కేటాయించవచ్చని ఈ వ్యాసకర్త ప్రతిపాదన. శ్రవణ పరీక్షను కూడా విశ్వవిద్యాలయమే ఒకే ధ్వనిముద్రణతో నిర్వహించి, పేరు లేని జవాబుపత్రంగా దిద్దించవచ్చు. క్షేత్ర నివేదికలో ప్రమాణాలు ముందే అచ్చులో ఇస్తే అధ్యాపకుడి ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది.

ఉదాహరణకు సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతరను తీసుకుందాం. రెండేళ్లకొకసారి యాదవ భక్తులు ప్రధానంగా జరుపుకునే ఈ జాతరకు వెళ్లిన విద్యార్థి భక్తుల సంఖ్య, స్థలపురాణం రాసి వస్తే అది పత్రికా వార్త, ఉత్తీర్ణతకు సరిపోతుంది. భేరీల మోతను, లింగనామంతో భక్తులు చేసే ఘోషను, నడకకు దరువుకు ఉన్న పొత్తును వర్ణించినవాడు ‘బి ప్లస్’కు అర్హుడు. ఆ దరువును తాను విన్న గొల్లసుద్దులతో పోల్చి, ఉద్యమకారులు ఈ సంప్రదాయాన్నే ఎందుకు ఎంచుకున్నారో విన్న ఆధారంతో వాదించినవాడికి ‘ఎ ప్లస్’ ఇవ్వవచ్చు. తన వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యాన్ని కూడా తానే చూపినవాడికి ‘ఓ’.

నాగార్జునసాగర్ ఎడమకాలువ నీటితో హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు వరి మాగాణమయ్యాయి. నాటు వేసే స్త్రీల పాట కూడా ఈ కోర్సులో క్షేత్ర నివేదికకు యోగ్యమైనదే. కాలువకు ముందు మెట్టపంటల పనిలో పాడుకున్న వరుసలు వరిమడిలోకి వచ్చాయా, కొత్తవి పుట్టాయా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’లో మల్లు స్వరాజ్యం మొదలైన పోరాట మహిళల మాటను వారి నోటనే నమోదు చేసి మౌఖిక చరిత్రకు దారి చూపింది. స్వరాజ్యం 2022లో కన్నుమూశారు. మాటను నమోదు చేసిన ఆ పద్ధతిలోనే పాటను, దాని వరుసతో సహా నమోదు చేయడం ఒక సెమిస్టరు పనిగా పెట్టుకోదగినది.

నివేదికతోపాటు సమర్పించే ధ్వనిముద్రణలో పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఉండాలి. అవి లేని ముద్రణకు మార్కులు వేయరాదు. పాడినవారు పేరు వద్దంటే వద్దన్నారని రాయాలి. ముద్రణ ప్రతి ఒకటి కళాశాల గ్రంథాలయంలో, ఒకటి పాడినవారి ఇంట్లో ఉండాలి. ముప్ఫై మంది విద్యార్థులున్న ఒక తరగతి ఇలా తలా రెండు పాటలు తెచ్చినా ఏడాదికి అరవై పాటలు. ఆ మరుసటి ఏడాది శ్రవణ పరీక్షకు సామగ్రి అదే.